కబురు మోసినోళ్లకు మందు మోసేదెవరు? - కొడవలి కణాల జబ్బు, జన్యు మందుల చేరవేత చరిత్ర

ఊళ్లో ఎవరు చచ్చినా ఆ కబురు పొరుగూళ్లకు మోసుకుపోయింది మన తాతలే. వానైనా, అర్ధరాత్రయినా కర్ర పట్టుకుని పోవాలి. గడప బయట నిలబడి చెప్పాలి. పెట్టిన గింజలు కొంగున కట్టుకుని తిరిగి రావాలి. నిజాం ఇలాకాలో దీన్ని వెట్టి అన్నారు. మరాఠీ నేల మీద మహర్లకు ఇది వతన్ అయింది, అంటే తరతరాలకు రాసిచ్చిన చాకిరీ. 1928లో బొంబాయి శాసనమండలిలో అంబేద్కర్ వతన్ చట్టాన్ని సవరించాలని బిల్లు పెట్టింది ఈ మోతను దించటానికే. అప్పుడది నెగ్గలేదు. బొంబాయి రాష్ట్రంలో మహర్ వతన్లను రద్దు చేసే చట్టం వచ్చేసరికి 1958 అయింది.

కాబట్టి మోత సంగతి మనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఏ వస్తువు ఎవరింటికి ఏ దారిన పోతుంది, ఎవరి గడప దగ్గర ఆగిపోతుంది అన్నది పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. అందుకేనేమో, ఇవాళ వైద్యశాస్త్రం ముందున్న ఒక పెద్ద ప్రశ్న మాకు కొత్తగా అనిపించలేదు. జన్యువును సరిచేసే మందులు తయారయ్యాయి. వాటిని ఒంట్లో ఏ కణానికి అందాలో ఆ కణం దాకా మోసుకుపోవటమే కష్టంగా ఉంది. శాస్త్రజ్ఞులే అంటున్న మాట ఇది.

ఈ చరిత్రను మేం కొడవలి కణాల జబ్బును పట్టుకుని చెప్పదలిచాం. డాక్టర్లు దీన్ని సికిల్ సెల్ అంటారు. మన దేశంలో ఇది ఎక్కువగా కనిపించేది ఆదివాసుల్లో. ఆదిలాబాద్ గోండుల్లో, భద్రాచలం వైపు కోయల్లో, విశాఖ మన్యంలో ఉంది. విదర్భలో మహర్లలోనూ, కొన్ని వెనుకబడిన కులాల్లోనూ ఉంది. అమెరికాలో ప్రధానంగా నల్లవాళ్లలో ఉంది. అంటే రెండు ఖండాల్లోనూ అడుగున ఉన్నవాళ్ల నెత్తుట్లో ఉంది.

మేం డాక్టర్లం కాదు. చరిత్ర చదువుకునేవాళ్లం. మా వాదం ముందే చెప్తాం. సరైన కణానికి దారి లేకపోవటం, సరైన మనిషికి మందు అందకపోవటం - ఈ రెండూ వేర్వేరు సమస్యలు కావు. మొదటిది తేలనిదే రెండోది తేలదు. మొదటిది తేలినంత మాత్రాన రెండోది దానంతటది తేలిపోదు.

పేరు ఎవరికి దక్కింది

1904లో చికాగోలో ఒక ఆస్పత్రికి ఒక నల్ల విద్యార్థి వచ్చాడు. గ్రెనడా దీవి నుంచి పళ్ల డాక్టరీ చదవటానికి వచ్చినవాడు. శిక్షణలో ఉన్న డాక్టర్ ఎర్నెస్ట్ ఐరన్స్ అతని నెత్తురు తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. ఎర్రకణాలు గుండ్రంగా లేవు. కొన్ని కొడవళ్లలాగా వంగి ఉన్నాయి. ఆ సంగతిని ఐరన్స్ పైడాక్టర్ జేమ్స్ హెరిక్ 1910లో అచ్చు వేశాడు. వైద్యగ్రంథాల్లో హెరిక్ పేరు నిలిచిపోయింది. నెత్తురిచ్చిన మనిషి పేరు వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అని లోకానికి తెలియటానికి దశాబ్దాలు పట్టింది. నోయెల్ చదువు ముగించి గ్రెనడాకు పోయి పళ్ల డాక్టరుగా బతికి 1916లో చనిపోయాడు. పడమటి ఆఫ్రికా భాషల్లో ఈ నొప్పికి అంతకు ముందే పేర్లున్నాయి. ఆ పేర్లను ఎవరూ కనిపెట్టటం కింద లెక్కగట్టలేదు.

1949లో లైనస్ పాలింగ్, ఆయన తోటివాళ్లు ఈ జబ్బు మూలం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని తేల్చారు. ఒక జబ్బును అణువు దాకా పోయి పట్టుకోవటం అదే మొదలు. తర్వాత వెర్నన్ ఇంగ్రామ్ 1956, 57ల్లో ఆ అణువులో ఏది మారిందో చూపాడు. మనిషి జన్యువుల్లో దాదాపు 300 కోట్ల అక్షరాలున్నాయి. అందులో ఒక్క అక్షరం మారితే బీటా గ్లోబిన్ గొలుసులో ఒక పూస మారుతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా ఆ మార్పు వస్తే ఎర్రకణం ప్రాణవాయువు తగ్గినప్పుడు కొడవలిలా వంగి గట్టిపడుతుంది. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఎముకలు విరిచినట్టు నొప్పి. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇది పది ఇరవై రోజుల్లోనే చస్తుంది. పిల్లలకు నెత్తురు చాలదు. పక్షవాతం వస్తుంది, ప్లీహం చెడుతుంది, ఏ చిన్న జ్వరమైనా ప్రాణం మీదికి తెస్తుంది. ఒకవైపు నుంచే వస్తే జబ్బు ఉండదు, మోసేవాళ్లవుతారు అంతే. అట్లా మోసేవాళ్లను మలేరియా అంత తేలిగ్గా చంపలేదని 1954లో ఆంథొని అల్లిసన్ చూపాడు. మలేరియా అడవుల్లో బతకటానికి ఒళ్లు కట్టిన కప్పం ఇది. అంతేగానీ ఏ జాతి నెత్తుటి లోపమూ కాదు.

మన దేశంలో దీన్ని మొదట నమోదు చేసింది 1952లో. లీమన్, కట్‌బుష్ అనే ఇద్దరు నీలగిరుల్లో ఆదివాసుల్లో చూశారు. అదే ఏడాది ఎగువ అస్సాం టీతోటల కూలీల్లోనూ బయటపడింది. కొండ మీద ఆదివాసి, తోటలో వలసకూలీ. మొదటి రెండు చిరునామాలూ అవే.

పాలింగ్ గురించి ఇంకో మాట చెప్పాలి. రెండు నోబెల్ బహుమతులు తీసుకున్న పెద్దమనిషి. శాంతికోసం పోరాడినవాడు. ఆయనే 1968లో ఒక న్యాయశాస్త్ర పత్రికలో రాస్తూ, ఈ జన్యువు మోసే యువతీయువకుల నుదుటి మీద పచ్చబొట్టు పొడిపించాలని సలహా ఇచ్చాడు. ఒకే గుర్తు ఉన్న ఇద్దరు ప్రేమించుకోకుండా ఉంటారట. ఆయన ఉద్దేశం చెడ్డదని మేం అనం. పిల్లలు బాధపడకూడదనే అన్నాడు. కానీ నుదుటి మీద గుర్తు అంటే ఏంటో, మెడలో ముంత, నడుముకు తాటాకు కట్టించుకున్నవాళ్ల మనవలకు విడమరిచి చెప్పాలా?

పచ్చబొట్టు పొడవలేదు గానీ దాని నీడ పడింది. 1970ల మొదట్లో అమెరికాలో చాలా రాష్ట్రాలు నల్లవాళ్లకు ఈ పరీక్ష తప్పనిసరి చేస్తూ చట్టాలు తెచ్చాయి. జబ్బు లేకుండా జన్యువు మాత్రం మోసేవాళ్లకు కూడా ఉద్యోగాల్లో, బీమాలో చిక్కులొచ్చాయి. వాళ్లను వైమానిక దళ అకాడమీలోకి రానివ్వని నిబంధన 1981 దాకా పోలేదు. ఇంకోవైపు 1971 నుంచి బ్లాక్ పాంథర్ పార్టీ తన వాడల్లో తనే ఉచితంగా నెత్తురు పరీక్షలు పెట్టింది. ప్రభుత్వం పట్టించుకోని జబ్బును రాజకీయ ప్రశ్న చేసింది. 1972 మే నెలలో నిక్సన్ సికిల్ సెల్ నియంత్రణ చట్టం మీద సంతకం పెట్టక తప్పలేదు. ఒకే పరీక్ష. రాజ్యం చేస్తే అది గుర్తు. వాడ తన చేతుల్లోకి తీసుకుంటే అది హక్కు.

ఏ కణానికి మోయాలి

1972లోనే ఫ్రీడ్‌మన్, రాబ్లిన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చెడ్డ జన్యువు ఉన్నచోట మంచి జన్యువును పంపి జబ్బు నయం చెయ్యొచ్చా అని ఒక వ్యాసంలో ప్రశ్న వేశారు. తొందరపడొద్దని కూడా హెచ్చరించారు. 1978లో జామెక్నిక్, స్టీఫెన్‌సన్ చిన్న డిఎన్ఎ తునకతో ఒక వైరస్ పెరుగుదలను పరీక్షనాళికలో ఆపి చూపారు. డిఎన్ఎ, ఆర్ఎన్ఎలనే మందుగా వాడొచ్చన్న ఆలోచన అప్పటినుంచి గట్టిపడింది. కణానికి కబురు పంపటమే ఈ మందు. ఆర్ఎన్ఎలో ఒక రకానికి కబురు మోసే ఆర్ఎన్ఎ అనే పేరు.

కానీ కబురు తనంతట తాను పోలేదు. సూది ద్వారా నెత్తుట్లోకి వదిలిన ఆర్ఎన్ఎను అక్కడి ఎంజైములు నిమిషాల్లో కొరికేస్తాయి. మిగిలిన చిన్న తునకలను మూత్రపిండాలు వడగట్టి బయటికి తోసేస్తాయి. కణం దాకా పోయినా లోపలికి రానివ్వరు. దానికి రుణావేశం, కణం పొరకూ రుణావేశం, రెండూ తోసుకుంటాయి. ఎట్లాగో లోపలికి పోతే ఒక సంచిలో బంధించి అరిగించేస్తుంది కణం. మంచి వాహనంలో పెట్టి పంపినా ఆ సంచి చీల్చుకుని బయటపడేది నూటికి ఒకటో రెండో. అందుకే వాహనం కావాలి. ఆ వాహనానికి చిరునామా కావాలి.

కోవిడ్ కాలంలో మన జబ్బకు వేసిన కోవిషీల్డ్ ఈ కోవలోదే. చింపాంజీల్లో జలుబు తెచ్చే ఒక వైరస్‌ను పెరగకుండా చేసి, అందులో కరోనా ముల్లు ప్రొటీన్ తయారుచేసే డిఎన్ఎ పెట్టి పంపారు. అమెరికా, యూరప్‌లలో వేసిన ఫైజర్, మోడెర్నా టీకాల్లో ఆర్ఎన్ఎను కొవ్వు బుడగలో పెట్టి పంపారు. అయితే టీకాకు కచ్చితమైన చిరునామా అక్కర్లేదు. జబ్బ కండలో, దగ్గరి గ్రంథుల్లో కొన్ని కణాలకు అందితే చాలు, మిగతా పని ఒళ్లే చూసుకుంటుంది. జబ్బు నయం చేసే మందు సంగతి వేరు. అది చేరాల్సిన కణానికే చేరాలి.

మరి కొడవలి జబ్బులో చేరాల్సిన కణం ఏది? వంగిపోయిన ఎర్రకణం అనుకుంటాం. కాదు. ఎర్రకణంలో కేంద్రకమే ఉండదు, సరిచేయటానికి అందులో జన్యువు లేదు. పైగా నాలుగు నెలలు తిరక్కుండా చచ్చేది. ఎర్రకణాలను పుట్టించే తల్లికణం దాకా పోవాలి. ఆ తల్లికణం ఎముకలోపల మూలుగలో ఉంటుంది. అక్కడి వేల కణాల్లో ఎక్కడో ఒకటి. ఎక్కువకాలం నిద్రలో ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకుని, పక్కవాటి జోలికి పోకుండా, దానికొక్కదానికే కబురు చెప్పాలి. ఈ పని యాభై ఏళ్లకు కూడా సూదిమందు చేతికి రాలేదు.

కార్జం దాకా రోడ్డు

తొలి ప్రయత్నం నెత్తుటి జబ్బు మీదే జరిగింది, అదీ దొంగచాటుగా. 1980లో లాస్ ఏంజెలిస్ డాక్టర్ మార్టిన్ క్లైన్ తన విశ్వవిద్యాలయ కమిటీ అనుమతి లేకుండా ఇజ్రాయెల్‌లో ఒకరికి, ఇటలీలో ఒకరికి, బీటా థలసేమియా రోగులకు, మూలుగ తీసి అందులో డిఎన్ఎ కలిపి తిరిగి ఎక్కించాడు. ఫలితం రాలేదు. ఆయన పదవి, పరిశోధన నిధులు పోయాయి. సొంత దేశంలో అనుమతి దొరకనిదాన్ని పరదేశంలో చేసి చూడటం అక్కడ మొదలైందని మనం గుర్తుపెట్టుకోవాలి.

అనుమతితో జరిగిన తొలి జన్యు చికిత్స 1990 సెప్టెంబరులో. నాలుగేళ్ల పాపకు, రోగనిరోధక శక్తి లేని జబ్బుకు. తెల్లకణాలు బయటికి తీసి, జన్యువు పెట్టి, తిరిగి ఎక్కించారు. నేరుగా ఒంట్లోకి పంపే ప్రయత్నం ఇంకో తొమ్మిదేళ్లకు ఒక ప్రాణం తీసింది. 1999 సెప్టెంబరు 13న ఫిలడెల్ఫియాలో 18 ఏళ్ల జెస్సీ గెల్సింగర్ కాలేయానికి పోయే రక్తనాళంలోకి జన్యువు మోసే వైరస్‌ను ఎక్కించారు. ఒళ్లు తిరగబడింది. నాలుగో రోజు చనిపోయాడు. పారిస్‌లో 2000 నాటికి పసిపిల్లలకు నయం చేశామని చెప్పిన ఇంకో చికిత్సలో, జన్యువు పోకూడని చోట పోయి ఇరుక్కుని, కొందరు పిల్లలకు రక్తక్యాన్సర్ తెచ్చింది. చిరునామా తప్పితే మందే విషం.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో దారి దొరికింది కార్జానికి. దీనికి కారణం వివక్ష కాదు, ఒంటి కట్టుబాటు. ఇది నిజాయితీగా చెప్పుకోవాలి. గుండె నుంచి పోయే నెత్తురులో నాలుగో వంతు కాలేయం గుండా పోతుంది. అక్కడి రక్తనాళాల గోడలకు కిటికీల్లాంటి రంధ్రాలున్నాయి. కొవ్వు బుడగ నెత్తుట్లో పడగానే అపో-ఇ అనే ప్రొటీన్ దానికి అంటుకుంటుంది. కాలేయ కణం అది చూసి, కొలెస్టరాల్ మూట అనుకుని లోపలికి లాక్కుంటుంది. ఈ కిటుకు మీదే 2018లో పాటిసిరాన్ అనే మందు వచ్చింది, ఆర్ఎన్ఎ జోక్యం పద్ధతిలో తొలి మందు. తర్వాత కొవ్వు బుడగ కూడా మానేసి గాల్‌నాక్ అనే చక్కెర తోక తగిలించారు. ఆ చక్కెరను గుర్తుపట్టే తలుపు కాలేయ కణాల మీద విస్తారంగా ఉంది. ఆ పద్ధతిలో కొలెస్టరాల్ తగ్గించే ఇన్‌క్లిసిరాన్‌ను తొలి మోతాదుల తర్వాత ఏడాదికి రెండు సూదులు వేస్తే చాలు. 2025లో, అదే ఫిలడెల్ఫియాలో, గెల్సింగర్‌కున్న జబ్బు జాతికే చెందిన ఇంకో జబ్బుతో పుట్టిన పసిబిడ్డకు, ఆ ఒక్క బిడ్డ జన్యువు కోసమే తయారుచేసిన మందును కొవ్వు బుడగల్లో పెట్టి కాలేయానికి పంపారు. బిడ్డ కోలుకున్నాడు. 26 ఏళ్ల చేరవేత విద్య ఆ రెండు సంఘటనల మధ్య ఉంది.

కార్జానికి కులం లేదు. కోయవాళ్లకూ కార్జమే ఉంటుంది. కానీ రోడ్డు పడ్డచోటే కొట్లు పెడతారు. కాలేయానికి దారి దొరికింది కాబట్టి కంపెనీల డబ్బు కాలేయ జబ్బులు, కొలెస్టరాల్ వైపు నడిచింది. మూలుగ ఊరవతల వాడలాగా మిగిలింది. శరీరం పెట్టిన అడ్డంకి మీద మార్కెట్టు తన లెక్క కట్టుకుంది. పెద్దోళ్లలో కొడవలి జబ్బుకు హైడ్రాక్సీయూరియా అనే మందుబిళ్లను అమెరికా 1998లో అనుమతించింది. అక్కడ దీనికి ఇంకో కొత్త మందు రావటానికి 2017 దాకా పట్టింది. పందొమ్మిదేళ్లు. ఈ ఆలస్యాన్ని మాత్రం శరీరం మీదికి నెట్టటం కుదరదు.

మూలుగను బయటికి తీసి

మందు మూలుగ దాకా పోలేదు కాబట్టి మూలుగ కణాల్నే మందు దగ్గరికి తెచ్చారు. దాని వెనక కథ 1948లో మొదలైంది. బ్రూక్లిన్‌లో పిల్లల డాక్టరమ్మ జానెట్ వాట్సన్, పుట్టిన కొన్ని నెలల దాకా పిల్లలకు ఈ జబ్బు కనపడకపోవటం గమనించింది. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ అప్పటిదాకా వాళ్లను కాస్తోందని చెప్పింది. ఆ పాత హిమోగ్లోబిన్ కొంతమందిలో పెద్దయ్యాక కూడా ఎక్కువగా మిగిలి ఉంటుంది. తూర్పు అరేబియాలో, మన దేశపు ఆదివాసుల్లో ఇది కనిపిస్తుంది. అట్లాగని వీళ్లకు బాధ లేదని కాదు. 2008లో విజయ్ శంకరన్, స్టూవర్ట్ ఆర్కిన్ దాన్ని ఆర్పేసే మీట లాంటి జన్యువును పట్టుకున్నారు, పేరు బిసిఎల్11ఎ. 2012లో క్రిస్పర్ కత్తెర వచ్చింది. రెండూ కలిశాయి. మూలుగ తల్లికణంలో ఆ మీటను కత్తిరిస్తే పాత హిమోగ్లోబిన్ మళ్లీ ఊరుతుంది.

2019 జూలైలో మిసిసిపీ రాష్ట్రపు నల్లజాతి మహిళ విక్టోరియా గ్రే అమెరికాలో కొడవలి జబ్బుకు ఈ చికిత్స తొలిసారి తీసుకుంది. నలుగురు పిల్లల తల్లి. ఆమె తేరుకుంది. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా దీన్ని కాస్గెవీ పేరుతో అనుమతించాయి. ఇది నిజంగా గొప్ప విజయం. మేం దాన్ని తక్కువ చేయం.

కానీ అది ఎట్లా జరుగుతుందో చూడాలి. ముందు నెత్తుటి మార్పిళ్లు. తర్వాత మందిచ్చి మూలుగ తల్లికణాలను నెత్తుట్లోకి దింపి యంత్రంతో వడగట్టాలి. చాలకపోతే మళ్లీ, ఇంకోసారి. వాటిని ప్రత్యేక కర్మాగారానికి పంపాలి. అక్కడ కరెంటు దెబ్బతో కణం పొరకు క్షణకాలం రంధ్రాలు చేసి లోపలికి కత్తెరను పంపుతారు. ఈ తయారీకి నెలలు పడుతుంది. ఈలోగా రోగి ఒంట్లో మిగిలిన మూలుగను బుసల్ఫాన్ అనే క్యాన్సర్ మందుతో ఖాళీ చేస్తారు. జుట్టు రాలుతుంది, నోరు పుండవుతుంది, పిల్లలు పుట్టకపోయే ప్రమాదం ఉంది. తర్వాత సరిచేసిన కణాలు ఎక్కించి వారాల తరబడి ఆస్పత్రి గదిలో కాపాడాలి. అమెరికాలో దీనికి పెట్టిన ధర 22 లక్షల డాలర్లు, అప్పటి లెక్కన దాదాపు 18 కోట్ల రూపాయలు. అదే రోజు అనుమతి పొందిన ఇంకో చికిత్స లిఫ్‌జెనియాకు 31 లక్షల డాలర్లు.

ఈ ధరలో కంపెనీ పేరాశ ఉంది. కానీ అది ఒక్కటే కాదు. కంపెనీ రేపు లాభం వదులుకున్నా, ఈ పద్ధతికి పెద్దాసుపత్రి, మార్పిడి నిపుణులు, యంత్రాలు, నెలల కాలం కావాలి. ఉట్నూరులో ఇది సాధ్యమా? పాడేరులో? అమెరికాలోనే మిసిసిపీ కూలివాళ్లకు అందటం కష్టం. అందుకే మేం అంటున్నది, చేరవేత ప్రశ్న ప్రయోగశాల లోపలి సంగతి కాదని. సరైన కణానికి నేరుగా దారి లేనందువల్లే చికిత్స ఇంత బరువైంది. బరువైంది కాబట్టే మనవాళ్ల దాకా మోయలేకపోతున్నారు. అదే సూదిమందుగా ఇవ్వగలిగితే మండల ఆస్పత్రి దాకా రావటానికి దారి ఉంటుంది.

ఈ సంగతి పైవాళ్లకు తెలియదని కాదు. 2019 అక్టోబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, గేట్స్ ఫౌండేషన్ కలిసి సికిల్ సెల్‌కు, హెచ్ఐవికి పేద దేశాల్లోనూ వాడగలిగే, నేరుగా ఒంట్లోకి ఇచ్చే జన్యు చికిత్స కోసం నాలుగేళ్లలో 20 కోట్ల డాలర్లు పెడతామన్నాయి. 2023లో పెన్సిల్వేనియా పరిశోధకులు కొవ్వు బుడగకు తల్లికణాన్ని గుర్తుపట్టే యాంటీబాడీని తగిలించి, ఎలుకల్లో మూలుగ తల్లికణాల దాకా పంపగలిగారు. ఎలుక నుంచి మనిషికి చాలా దూరం. కానీ దారి వేయటం మొదలైంది.

కార్డు, నుదుటి గుర్తు

మన దేశం సంగతికొద్దాం. చేతగానితనం ఉందని మేం అనుకోవటం లేదు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఐదుగురు హీమోఫీలియా రోగులకు మూలుగ తల్లికణాల ద్వారా జన్యు చికిత్స చేసి 2024లో ఫలితాలు అచ్చు వేసింది. 2025 నవంబరులో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐజిఐబి దేశీయ క్రిస్పర్ చికిత్సను కొడవలి జబ్బు కోసం ప్రకటించింది. దానికి బిర్సా 101 అని పేరు పెట్టారు. తయారీని సీరం ఇన్‌స్టిట్యూట్‌కు అప్పగించారు. ధర తగ్గిస్తామన్నారు. సంతోషమే. కానీ ఇది కూడా కణాలు బయటికి తీసి సరిచేసే పద్ధతే. ధర ఎంత తగ్గినా పెద్దాసుపత్రి, మూలుగ ఖాళీ చేసే మందు తప్పవు. బిర్సా ముండా అడిగింది అడవి, నేల. ఆయన పేరు మందుకు పెట్టినవాళ్లు ఆయన మనుషుల దాకా దాన్ని ఏ దారిన మోస్తారో కూడా చెప్పాలి.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధానమంత్రి సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టారు. 2047కల్లా నిర్మూలన అన్నారు. నలభై ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయటం లక్ష్యం. పరీక్ష చేసినవాళ్లకు రంగుల కార్డులిస్తారు. పెళ్లికి ముందు కార్డులు కలిపి చూసుకోమంటారు. పరీక్ష కావాలి, పుట్టగానే పిల్లలకు చేయటం ఇంకా కావాలి. మేం దానికి వ్యతిరేకం కాదు. కానీ మందు కన్నా ముందు కార్డు ఇంటికి చేరింది. ఆ కార్డు చూసి ఆడపిల్ల పెళ్లి తప్పిపోతే ఎవరు జవాబు చెప్తారు? జబ్బు నిర్మూలన అనే మాట జబ్బుమనిషి నిర్మూలనగా మారకుండా ఎవరు కాపలా ఉంటారు? పాలింగ్ పచ్చబొట్టు మనకు గుర్తొస్తున్నది అందుకే.

ఇంకో మాట. ఒకే గుంపులో తరతరాలు పెళ్లి చేసుకోవటంవల్ల రెండువైపుల నుంచీ వస్తేనే తగిలే జబ్బులు పేరుకుంటాయి. కులాన్ని నిలబెట్టేది కులంలోపలి పెళ్లేనని అంబేద్కర్ 1916లో కొలంబియాలో చదివిన వ్యాసంలోనే చెప్పాడు. హైదరాబాద్ సిసిఎంబి శాస్త్రజ్ఞులు భాగస్వాములుగా 2017లో వచ్చిన పరిశోధన, మన తెలుగు వైశ్యుల్లో మత్తుమందు పడని ఒక జన్యులోపం మిగతావాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువని గుర్తుచేసింది. అంటే జన్యుజబ్బు కింది కులాల సొంత ఆస్తి కాదు, కులవ్యవస్థ అందరికీ పంచిన ఆస్తి. కార్డులు కలపమనే ప్రభుత్వం కులం దాటి పెళ్లాడమని ఇంత గట్టిగా ఎన్నడైనా చెప్పిందా?

మనవాళ్లకు తొందరగా చేరేది ఒకటుంది, ప్రయోగం. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు పెట్టి వేలమంది ఆడపిల్లలకు వేశారు. వాళ్లలో ఎందరో ఆదివాసీ పిల్లలు, హాస్టళ్లలో ఉన్నవాళ్లు. చాలామంది తరఫున సంతకాలు పెట్టింది హాస్టల్ వార్డెన్లు. కొందరు పిల్లలు చనిపోయాక 2010లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణమని విచారణ కమిటీ తేల్చలేదు, దాన్ని మేం ఒప్పుకుంటాం. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీసంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు. మోసిన తీరు వెట్టి తీరు. రేపు మూలుగకు నేరుగా పంపే మందు మనుషుల మీద ప్రయోగానికి వచ్చినప్పుడు, మొదటి వరసలో ఎవర్ని నిలబెడతారో, ఏ భాషలో అడుగుతారో ఇప్పుడే తేల్చుకోవాలి.

మేం అడిగేది

ఒకటి. రేపటి మందు పేరు చెప్పి ఇవాళ్టి మందు ఎగ్గొట్టొద్దు. హైడ్రాక్సీయూరియా చవక. చిన్నపిల్లలకు పెన్సిలిన్, టీకాలు చవక. అవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలనెలా ఉండాలి. సురక్షితమైన నెత్తురు ఏజెన్సీ ఆస్పత్రుల్లో ఉండాలి. వీటికి క్రిస్పర్ అక్కర్లేదు.

రెండు. ప్రభుత్వ సొమ్ముతో పుట్టిన చికిత్సను కంపెనీకి అప్పగించేటప్పుడే ధర, అందించే చోటు ఒప్పందంలో రాయాలి. ఆ ఒప్పందం జనం ముందు పెట్టాలి.

మూడు. మూలుగకు నేరుగా మందు మోసే పరిశోధనను మన సంస్థలు సొంత పనిగా తీసుకోవాలి. కార్జానికి దారి వేసింది కొలెస్టరాల్ మార్కెట్టు. మూలుగకు దారి మార్కెట్టు తనంతట తాను వేయదు. అది జనం అడిగితే పడే దారి.

నాలుగు. ప్రయోగమైనా, పరీక్షయినా గోండిలో, కోయలో, తెలుగులో అడిగి, వద్దంటే ఊరుకోవాలి. కార్డులో ఏముందో ఆ మనిషి సొత్తు, ఊరి సొత్తు కాదు.

విశాఖ మన్యంలో రోడ్డు లేని గూడేల నుంచి జబ్బుమనిషిని కిందికి దించాలంటే ఇప్పటికీ డోలీ కట్టాల్సి వస్తోంది. కర్రకు దుప్పటి కట్టి, ఇద్దరు ముందు, ఇద్దరు వెనక. ఆ నలుగురికీ తెలుసు మోత అంటే ఏంటో. ఎంత బరువు మోశామన్నది కాదు, ప్రాణం ఉండగా చేర్చామా లేదా అన్నదే లెక్క. వెయ్యో వంతు వెంట్రుక మందం లేని కొవ్వు బుడగకైనా, దాన్ని పంపే ప్రభుత్వానికైనా మేం పెట్టే లెక్క అదే. ఇన్నాళ్లు ఊరందరి కబుర్లూ మోశాం. మా కణం దాకా, మా గడప దాకా రావాల్సిన ఈ కబురు కోసం గడప బయట నిలబడి ఎదురుచూడం. వెళ్లి అడుగుతాం.